ఖాళీ అనుకొని తీసేసిన వరుసలు: గుంజాల లిపి, రెండు బైట్ల గిన్నె, మా 37 మాటలు



మేం చేసిన ఒక తప్పు గురించి, దాని వెనుక ఉన్న యాభై ఏండ్ల చరిత్ర గురించి రాస్తున్నం. పోస్టు జర పొడుగే. కంప్యూటర్ కోర్సులున్నోళ్లే కాదు, తెలుగు, చరిత్ర తీసుకున్న తమ్ముళ్లు చెల్లెండ్లు కూడా చివరిదాక చదవాలె. పైకి చూస్తే లెక్కల తప్పు లెక్క కనిపిస్తది గని, లోపల ఉన్నది మన లిపి ముచ్చట.

మేం హుజూరాబాద్‌ల రూం తీసుకొని చదువుకునే ఆరుగురం. ఇద్దరిది నార్నూర్ దిక్కు, ఒకరిది జైనూర్, ఒకరిది ఇంద్రవెల్లి. మిగిలిన ఇద్దరు ఇక్కడి చుట్టుపక్కల ఊర్ల నాయకపోడు, ఎరుకల పిల్లలు. దండారి సెలవులకు అందరం కలిసి నార్నూర్ దిక్కు పోయినం. అక్కడ ఒక తాత దగ్గర కూసొని గోండి మాటలు రాసుకున్నం. పాత విత్తనాల పేర్లు, పిట్టల పేర్లు, వాన ఎన్ని తీర్ల పడ్తదో అన్ని పేర్లు. మొత్తం 120 మాటలు. అండ్ల 83 నోట్‌బుక్కుల ఎక్కినయి. చీకటి పడ్డంక తాత మంట దగ్గర చెప్తుంటే మిగిలిన 37 సీదా ల్యాప్‌టాప్‌లనే కొట్టినం. ప్రతి మాటకు ముందు నంబర్, తర్వాత గుంజాల గోండి లిపిల మాట, పక్కన తెలుగుల అర్థం.

ఆ ల్యాప్‌టాప్ మాలో ఒకడిది, లినక్స్ మీద నడుస్తది. మాటలు దాచే చిన్న ప్రోగ్రాం సి భాషల వాడే రాసిండు. ఫైల్ పెన్‌డ్రైవ్‌ల ఉండె. హుజూరాబాద్ వాపస్ వచ్చినంక అదే ప్రోగ్రాంను ఒక ల్యాబ్‌ల విండోస్ కంప్యూటర్ మీద మళ్ల తయారు చేసి ఫైల్ తెరిచినం. తెర మీద 120 వరుసలు రావాలె. 240 వచ్చినయి. మొదటి వరుసల నంబర్ 1 ఉన్నది, మాట లేదు, అర్థం లేదు. రెండో వరుసల నంబర్ సున్నా, పక్కన ఒకే ఒక్క తెలుగు అక్షరం. మూడో వరుసల నంబర్ 2, మళ్ల అంతా ఖాళీ. కిందిదాక గదే తీరు. గోండి అక్షరం ఒక్కటి లేదు.

ఫాంట్ లేదేమో అనుకున్నం. ఫాంట్ ఎక్కించినం, ఏం మారలేదు. తప్పులు వెతకనీకి మేం ఒక చిన్న పనిముట్టు కూడ రాసుకున్నం. అది ఫైల్ మొత్తం ఎన్ని బైట్లున్నదో చూసి, ఒక్కో వరుస సైజుతోటి భాగించి, శేషం మిగిలితే ఫైల్ చెడిపోయినట్టు చెప్తది. దాన్ని నడిపిస్తే ‘240 వరుసలు, శేషం సున్నా, ఫైల్ మంచిగున్నది’ అన్నది. డీబగ్గర్ పెట్టి ఒక్కో అడుగు నడిపించి చూసినం. అది కూడ గోండి మాట ఉండే జాగ ఖాళీ అనే చూపించింది. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినంక మేం నమ్మినం. ఏదో చెత్త చేరిందనుకొని, ప్రోగ్రాంల ఉన్న ‘ఖాళీ వరుసలు తీసెయ్’ అనే మీట నొక్కి, అదే ఫైల్ మీద సేవ్ చేసినం.

ఖాళీ అని మేం తీసేసిన ఆ వరుసల్లనే గోండి మాటలున్నయి.

ఎట్లనో చెప్తం, జర ఓపిక పట్టండి. లినక్స్‌ల ఆ ప్రోగ్రాం నంబర్‌కు ‘లాంగ్’ అనే డేటా టైప్ వాడింది. అక్కడ లాంగ్ అంటే 8 బైట్లు. గోండి మాటకు 20 అక్షరాల జాగ, తెలుగు అర్థానికి 20 అక్షరాల జాగ. ఆ అక్షరాలకు ‘వైడ్ క్యారెక్టర్’ అనే టైప్. లినక్స్‌ల దాని సైజు 4 బైట్లు. అంటే 8, 80, 80. ఒక వరుసకు మొత్తం 168 బైట్లు. విండోస్‌ల అదే లాంగ్ 4 బైట్లు, అదే వైడ్ క్యారెక్టర్ 2 బైట్లు. అంటే 4, 40, 40. మొత్తం 84 బైట్లు. సరిగ్గ సగం. ఫైల్ సైజు 20,160 బైట్లు. దాన్ని 168 తోటి భాగిస్తే 120, 84 తోటి భాగిస్తే 240. రెండిట్ల శేషం సున్నానే. అందుకే మా పనిముట్టు మంచిగున్నదని సర్టిఫికెట్ ఇచ్చింది. దాన్ని కూడ విండోస్ మీదనే తయారు చేసినం గదా, దాని చేతిల ఉన్నది కూడ 84 బైట్ల గిన్నెనే.

ఇప్పుడు ఒక్కో లినక్స్ వరుస విండోస్‌ల రెండు వరుసలు అయింది. మొదటి సగంల నంబర్, గోండి మాట ఉన్నయి. కాని నంబర్‌కు ఉన్న 8 బైట్లల్ల వెనుక 4 సున్నాలే. విండోస్ ఆ సున్నాల దగ్గర్నే మాట మొదలైందనుకున్నది. సి భాషల సున్నా కనిపిస్తే మాట అయిపోయినట్టు లెక్క. అందుకే గోండి మాట అక్కడనే ఉన్నా దానికి కనపడలేదు. రెండో సగంల తెలుగు అర్థం ఉన్నది. ‘గ’ అనే అక్షరం నంబర్ 3,095. అది 4 బైట్లల్ల కూసుంటే ముందు రెండు బైట్లల్ల 3,095, వెనుక రెండు బైట్లల్ల సున్నా. రెండు బైట్ల లెక్కన చదివేటోనికి ముందు ‘గ’ కనిపిస్తది, వెంబడే సున్నా. అంటే మాట ఖతం. అందుకే ప్రతి తెలుగు మాటకు మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది.

ఇదంతా మాకు వారం తర్వాత తెలిసింది. అప్పటికే ఫైల్ మీద సేవ్ అయిపోయింది. నోట్‌బుక్కుల 83 మాటలున్నయి. మిగిలిన 37 ల మాకు యాదికున్నవి 11. సంక్రాంతికి పోయి తాతను మళ్ల అడుగుదాం అనుకున్నం. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందే తాత కాలం చేసిండు.

అప్పట్నుంచి ఆరుగురం కూసొని ఈ రెండు బైట్లు, నాలుగు బైట్ల గొడవ ఎక్కడ మొదలైందో వెతికినం. మాకు దొరికింది ఇక్కడ రాస్తున్నం.

మన తాతలకు ఇది కొత్త ముచ్చట కాదు. సోలె, తవ్వ, మానిక, కుంచం. పేరు ఒకటే, ఊరూరికి గిన్నె వేరు. అంగట్ల ఇప్పపువ్వు, నువ్వులు కొనేటప్పుడు పెద్ద మానిక, ఉప్పు అమ్మేటప్పుడు చిన్న మానిక వాడిన సావుకార్ల కథలు ప్రతి గూడెంల ఉన్నయి. పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం తెచ్చింది 1956 ల. అప్పటిదాక దేశమంతటికి ఒకే కిలో, ఒకే లీటర్ అన్న లెక్క లేదు. కంప్యూటర్ల కూడ అచ్చం ఇదే జరిగింది. అయితే ఇక్కడ ఎవరూ మోసం చేయాలని చేయలేదు. ఎవరి గిన్నె వాళ్లకు అక్కెరకొచ్చింది, వాళ్లు పెట్టుకున్నరు.

సి భాషను 1970ల మొదట్ల అమెరికాల బెల్ ల్యాబ్స్‌ల డెనిస్ రిచీ తయారు చేసిండు. ఆ కాలంల ఒక్కో మిషిన్ ఒక్కో తీరు. అందుకే ‘ఇంట్’ అంటే ఇన్ని బైట్లు, ‘లాంగ్’ అంటే ఇన్ని బైట్లు అని భాష గట్టిగ చెప్పలేదు. ఇంట్‌కు కనీసం 16 బిట్లు, లాంగ్‌కు కనీసం 32 బిట్లు ఉండాలె, మిగిలింది మిషిన్ ఇష్టం అని వదిలిపెట్టింది. 64 బిట్ల మిషిన్లు వచ్చినంక దారి రెండుగ చీలింది. యూనిక్స్, లినక్స్ దిక్కు వాళ్లు లాంగ్‌ను 8 బైట్లకు పెంచినరు. మైక్రోసాఫ్ట్ మాత్రం పాత విండోస్ ప్రోగ్రాంలు పగులుతయని లాంగ్‌ను 4 బైట్ల దగ్గర్నే ఉంచింది. రెండూ తప్పు కాదు. ఒక దిక్కు రాసింది ఇంకో దిక్కు చదివినప్పుడే తంటా.

అక్షరాల కథ ఇంకా లోతున్నది. మనకు నేరుగ తాకేది గదే.

1988 ఆగస్టుల జెరాక్స్ కంపెనీల పనిచేసే జో బెకర్ ‘యూనికోడ్ 88’ అని ఒక ప్రతిపాదన రాసిండు. ప్రపంచంల ఉన్న లిపులన్నిటికి ఒకే నంబర్ల పట్టిక ఉండాలె, ప్రతి అక్షరానికి 16 బిట్లు, అంటే 2 బైట్లు ఇద్దాం అన్నడు. 16 బిట్లల్ల 65,536 నంబర్లు పడ్తయి. సరిపోతయా? సరిపోతయన్నడు. ఆ లెక్క ఎట్ల వేసిండో చూడండి. ఆ ఏడాది ప్రపంచమంతా అచ్చయ్యే వార్తాపత్రికలు, మ్యాగజైన్లు అన్నీ కలిపితే వాటిల్ల వాడే అక్షరాలు 16,384 కంటే చాన తక్కువనే ఉంటయని. పాతబడ్డ లిపులకు, అరుదైన లిపులకు అంత ప్రాధాన్యం అక్కర్లేదని.

ఈ ముక్క చదివినప్పుడు రూంల కాసేపు ఎవరం మాట్లాడలేదు. 1988 ల గోండిల ఏ పేపర్ వచ్చింది, ఏ మ్యాగజైన్ వచ్చింది? హైమెన్‌డార్ఫ్ దొర నిజాం కాలంల, 1943 ల, మార్లవాయిల గోండు పంతుళ్లకు శిక్షణ కేంద్రం పెట్టిండని మనందరికి తెలుసు. అప్పుడు కూడ గోండి వాచకాలు నాగరి లిపిల వచ్చినయి. మన సొంత రాత గుంజాల ఇండ్లల్ల, గుడ్డల చుట్టిన కాయితాలల్ల ఉండె. పేపర్లు లెక్కపెట్టేటోనికి అది కనపడదు. ఆయన మీద మాకు కోపం లేదు, మంచి పని తలపెట్టిండు. అయితే గిన్నె ఎంత పెద్దది కావాలె అని లెక్క వేసిన రోజు మనం ఆ లెక్కల లేం. తర్వాత జరిగినవన్ని అండ్లకెళ్లే వచ్చినయి.

యూనికోడ్ మొదటి కూర్పు 1991 ల వచ్చింది. అండ్ల తెలుగుకు 3,072 నుంచి 3,199 దాక నంబర్లు ఇచ్చిన్రు. అక్షరానికి రెండు బైట్లు చాలన్న నమ్మకం తోటి పెద్ద పెద్ద ఇండ్లు కట్టిన్రు. 1993 ల వచ్చిన విండోస్ ఎన్‌టీ వైడ్ క్యారెక్టర్‌ను రెండు బైట్లు చేసింది. 1990ల నడుమ వచ్చిన జావా, జావాస్క్రిప్ట్ కూడ 16 బిట్ల అక్షరం మీదనే నిలబడ్డయి. లినక్స్ దిక్కు వాళ్లు నాలుగు బైట్లు పెట్టుకున్నరు. సి ప్రమాణం వైడ్ క్యారెక్టర్ అనే పేరు ఇచ్చింది గని, సైజు మాత్రం మళ్ల మిషిన్ ఇష్టానికే వదిలిపెట్టింది. మానిక కథనే.

అయిదేండ్లకే గిన్నె చాలలేదు. చైనా, జపాన్, కొరియా అక్షరాలకే చాన జాగ పోయింది. 1996 జులైల వచ్చిన యూనికోడ్ 2.0 ఇంటి మీద అంతస్తులు లేపింది. మొత్తం 17 అంతస్తులు, ఒక్కోదాంట్ల 65,536 నంబర్లు, అన్నీ కలిపితే 11,14,112. అయితే అప్పటికే రెండు బైట్ల మీద కట్టిన ప్రోగ్రాంలను కూలగొట్టలేరు. అందుకని ఒక ఉపాయం చేసిన్రు. పై అంతస్తుల అక్షరాన్ని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను రెండు బైట్లల్ల పెట్టి, జంటగ పంపాలె. ఈ జంటను చదవరాని ప్రోగ్రాంకు అవి రెండు అర్థం లేని ముక్కలు.

సైజు తప్పు ఎంత నష్టం చేస్తదో లోకానికి అర్థమైంది కూడ అదే ఏడాది. 1996 జూన్ 4 న యూరప్ వాళ్ల ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయాణంలనే, లేచిన 40 సెకండ్ల లోపల ముక్కలైంది. 64 బిట్లల్ల ఉన్న ఒక దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యల పోసిన్రు. అండ్ల 32,767 దాకనే పడ్తది. పాత ఏరియన్ 4 మెల్లగ పోయేది కాబట్టి ఆ సంఖ్య ఎన్నడూ దాటలేదు. కొత్త రాకెట్ వేగంల దాటింది. ప్రోగ్రాం పాతదే, ఏండ్ల సంది మంచిగ నడిచిందే. గిన్నెల పోసింది మారింది.

ఇగ మన గుంజాల కాడికి వద్దాం. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలల దాదాపు డజను రాతప్రతులు వెలుగులకు వచ్చినయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంల పనిచేసిన ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటి మీద పని చేసింది. అవి సుమారు 1750 కాలంవి అని అంచనా. వారాల పేర్లు, నెలల పేర్లు, పండుగలు, అంకెల పేర్లు అండ్ల ఉన్నయి. ఆ లిపి చదవగలిగే పెద్దలు అప్పటికే వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. వాళ్లు నేర్పబట్టే అది మన దాక వచ్చింది. 2014 మొదట్ల లిపిని, తొలి ఫాంట్‌ను లోకానికి చూపించిన్రు. 2015 ల అన్షుమన్ పాండే యూనికోడ్‌కు ప్రతిపాదన రాసిండు. 2018 జూన్‌ల వచ్చిన యూనికోడ్ 11.0 ల గుంజాల గోండికి జాగ దొరికింది. అంతకు ఒక ఏడాది ముందు, 2017 ల, మసరాం గోండి చేరింది. అది 1918 ల బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగల్‌సింగ్ మసరాం తయారు చేసిన లిపి.

జాగ ఎక్కడ దొరికింది? 73,056 నుంచి 73,135 దాక. 65,535 దాటినంక, అంటే పై అంతస్తుల. సంతాలి వాళ్ల ఓల్ చికి 2008 ల చేరింది, దానికి 7,248 దగ్గర కింది అంతస్తులనే జాగ దొరికింది. సవర వాళ్ల సోరా సోంపెంగ్ 2012 ల వచ్చి 69,840 దగ్గర, మనలెక్కనే పైన కూసున్నది. ఆలస్యంగ వచ్చిన చుట్టాలకు మేడ మీద చాప వేసినట్టు.

మన ‘అ’ నంబర్ 73,056. దీన్ని నాలుగు బైట్లల్ల పెడితే సుఖంగ కూసుంటది. యూనికోడ్ ఉపాయం తోటి రెండు ముక్కలు చేస్తే 55,303, 56,672 అనే జంట అయితది. ఈ ఉపాయం తెలవని ప్రోగ్రాం దాన్ని రెండు బైట్ల గిన్నెల పోస్తే ఏమైతది? 65,536 ఒలికిపోయి 7,520 మిగుల్తది. ఆ నంబర్ ఎవరిదో తెలుసా? గ్రీకు ‘ఫై’ అక్షరం చిన్న రూపానిది. మన ‘ఆ’ 73,057, అది ఒలికితే 7,521, గ్రీకు ‘కై’. మన తాతల రాత సగం గిన్నెల పడితే గ్రీకు గీతలైతది. తెర మీద ఏదో ఒక అక్షరమైతే కనిపిస్తది కాబట్టి చూసినోళ్లకు ఫాంట్ తప్పేమో అనిపిస్తది. అందుకే ఈ తప్పు దొరకదు.

డేటాబేసుల కూడ ఇదే కథ. యూటీఎఫ్-8 అని ఇంకో పద్ధతి ఉన్నది. 1992 సెప్టెంబర్‌ల కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దీన్ని తయారు చేసిన్రు. అండ్ల ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్, తెలుగు అక్షరానికి మూడు, గుంజాల గోండి అక్షరానికి నాలుగు బైట్లు పడ్తయి. లోకమంతా వాడే మైఎస్‌క్యూఎల్ డేటాబేసుల ‘యూటీఎఫ్8’ అని పేరు పెట్టుకున్న పద్ధతికి మూడు బైట్లే పడ్తయి. నాలుగు బైట్ల అక్షరం వస్తే, కచ్చితంగ పనిచేసేటట్టు పెట్టిన చోట అది ఎర్రర్ చెప్తది. వదులుగ పెట్టిన చోట ఆ అక్షరం కాడ కోసేసి, మిగిలింది పారేసి, ఏం జరగనట్టు ఉంటది. నాలుగు బైట్లది, ‘యూటీఎఫ్8ఎంబీ4’, 2010 ల వచ్చింది. ఏం అడగకున్నా అదే పెట్టుడు 2018 ఏప్రిల్‌ల వచ్చిన 8.0 కూర్పు నుంచి. మన లిపి యూనికోడ్‌ల చేరుడు అదే ఏడాది జూన్‌ల. రెండు నెలల తేడా. అంతకు ముందు తయారైన ఆఫీసు సాఫ్ట్‌వేర్ల పాత పద్ధతి ఇంకా ఉంటే, రేపు ఒక పిల్ల తన పేరును తన లిపిల రాసుకున్న రోజు ఆ గడి ఖాళీగనే మిగుల్తది.

మరి ప్రపంచం పై అంతస్తును ఎందుకు పట్టించుకున్నది? మన కోసం కాదు, సవర వాళ్ల కోసం కాదు. ఇమోజీల కోసం. 2010 అక్టోబర్‌ల యూనికోడ్ 6.0 ల నవ్వే మొఖాలు, ఏడ్చే మొఖాలు చేరినయి. అండ్ల చాన వాటికి పై అంతస్తుల, 1,28,000 దగ్గర జాగ ఇచ్చిన్రు. ఫోన్ల నవ్వు మొఖం పంపితే రెండు డబ్బాలు వస్తున్నయని లోకమంతా లొల్లి పెట్టినంక కంపెనీలు ఉరికురికి బాగు చేసినయి. ఆ బొమ్మలు తొక్కిన తొవ్వ మీదనే ఇయ్యాల మన అక్షరం నడుస్తున్నది. వాట్సాప్‌ల ఒక ఇమోజీ పోయిందంటే ఆ దారిల గోండి కూడ పోవచ్చని అర్థం. దానికి కావాల్సింది ఫాంట్ ఒక్కటే, అది నోటో ఫాంట్లల్ల ఉన్నది.

డీబగ్గర్ల చరిత్ర కూడ రెండు ముక్కలల్ల చెప్తం, మా కొంప ముంచింది అక్కడనే గనుక. జీడీబీ అనే డీబగ్గర్‌ను 1986 ల రిచర్డ్ స్టాల్‌మన్ రాసిండు. మొదట్ల ప్రోగ్రాం, డీబగ్గర్ ఒకే మిషిన్ మీద ఉండేవి. తర్వాత ఒక మిషిన్ మీద కూసొని ఇంకో మిషిన్ల నడిచే ప్రోగ్రాంను చూసుడు మొదలైంది. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం ఏందంటే, డీబగ్గర్ తన ఇంటి గిన్నె తోటి ఎదుటోని గింజలు కొలవొద్దు. ఎదుటోని గిన్నె సైజు వానినే అడగాలె. అందుకే ప్రోగ్రాం తయారైనప్పుడు ప్రతి టైప్ ఎన్ని బైట్లో రాసిన చీటీ ఒకటి దాని వెంబడి ఉంటది. డీబగ్గర్ ఆ చీటీ చదువుకుంటది. చీటీ లేకున్నా, చీటీ ఒకటి మెమరీ ఒకటి అయినా, డీబగ్గర్ చూపించేది అబద్ధమే. ఉదాహరణకు ‘గోండి’ అనే తెలుగు మాట రెండు బైట్ల లెక్కన మెమరీల ఉన్నది అనుకోండి. నాలుగు బైట్ల లెక్కన చదివే పనిముట్టు ‘గ’ 3,095 ను, ఓత్వం 3,147 ను కలిపి 20,62,44,887 అనే ఒకే నంబర్‌గ చదువుతది. యూనికోడ్ మొత్తమే పదకొండు లక్షల చిల్లర. అసుంటి అక్షరమే ఉండదు.

మా కాడ అయితే చీటీ కూడ సరిగ్గనే ఉండె. విండోస్‌ల తయారైన ప్రోగ్రాంకు 84 బైట్లు అనేది సరైన మాటనే. తప్పు ఫైల్ కాడ ఉన్నది, అది ఇంకో ఊరి గిన్నెతోటి కొలిచింది. ఆ సంగతి చెప్పే చీటీ ఫైల్ మీద మేం పెట్టలేదు. డీబగ్గర్ ప్రోగ్రాంను చూస్తది, ఫైల్ ఏ ఊరి నుంచి వచ్చిందో దానికేం ఎరుక?

ఈ గొడవలకు మందు కూడ మెల్లమెల్లగ వచ్చింది. 1999 సి ప్రమాణంల సైజు పేరులనే ఉండే టైపులు వచ్చినయి. ‘ఇంట్ 32’ అంటే ఏ మిషిన్ మీదనైనా 32 బిట్లే. 2011 ల ‘క్యార్ 16’, ‘క్యార్ 32’ అని అక్షరాలకు కూడ సైజు పేరు తోటి టైపులు పెట్టిన్రు. పైథాన్‌ల 2012 దాక రెండు తీర్ల కూర్పులుండేవి, ఒకదాంట్ల పై అంతస్తు అక్షరం పొడుగు 1, ఇంకోదాంట్ల 2. ఆ ఏడాది వచ్చిన 3.3 తోటి ఆ తేడా పోయింది. జావాస్క్రిప్ట్‌ల మాత్రం ఇయ్యాలటికి కూడ మన ఒక్క అక్షరం పొడుగు అడిగితే 2 అనే చెప్తది. పేరుకు 20 అక్షరాలని పెట్టిన గడిల మన లిపిల 10 అక్షరాలే పడే ప్రమాదం ఇంకా ఉన్నది.

తెలుగోళ్ల కాడికి వస్తే, మన రాష్ట్రం సాఫ్ట్‌వేర్ అన్నం తిన్నది కూడ ఒక సైజు తప్పు పుణ్యమాననే. సంవత్సరానికి నాలుగు అంకెల జాగ ఇయ్యకుండ రెండే ఇచ్చిన్రు పాతకాలంల. 1999 తర్వాత 00 వస్తే అది 1900 నో 2000 నో తెలవదు. ఆ వై2కే తప్పులు సరిచేయనీకి మనోళ్లు మస్తుగ అమెరికా విమానం ఎక్కిన్రు. 1998 నవంబర్‌ల హైదరాబాద్‌ల సైబర్ టవర్స్ తెరిచిన కాలం అది. ఇట్లాంటిదే ఇంకోటి వస్తున్నది. సెకండ్లను 32 బిట్లల్ల లెక్కపెట్టే పాత వ్యవస్థల గిన్నె 2038 జనవరి 19 న, మన టైం పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకు నిండుతది. అప్పటికి మనల చాన మందిమి ఉద్యోగాలల్ల ఉంటం. ఆ పని చేసేటోళ్లల్ల మన పిల్లలు కూడ ఉండాలె. మా రూంకు దగ్గర్లనే పీవీ గారి ఊరు వంగర ఉన్నది. అరవై దాటినంక ఆయన కంప్యూటర్ నేర్చుకొని ప్రోగ్రాంలు రాసిండని ఇక్కడోళ్లు గర్వంగ చెప్పుకుంటరు. ఇరవై ఏండ్ల మనకు ఏమొచ్చింది కష్టం?

ఇప్పుడు మేం ఏం చేస్తున్నమో చెప్తం, మాటలు సేకరించే ప్రతి ఒక్కరు ఇట్లనే చేయాలని కోరుతున్నం.

ఒకటి, మాట ముందు కాయితం మీద రాయాలె, తర్వాతనే మిషిన్ల. ల్యాప్‌టాప్‌ల సీదా కొట్టుడు బంద్. గుంజాల ప్రతులు రెండు వందల ఏండ్లు దాటి నిలిచినయి, మా ఫైల్ నెల రోజులు నిలవలేదు.

రెండు, ఫైల్‌ను యూటీఎఫ్-8 ల సాదా అక్షరాలుగ దాచాలె. మెమరీల ఉన్న బైట్లను ఉన్నదున్నట్టు ఫైల్‌ల కుమ్మరించొద్దు. అట్ల చేయక తప్పకపోతే ఫైల్ మొదట్లనే వరుస సైజు, అక్షరం సైజు రాసి పెట్టాలె. చదివే ప్రోగ్రాం ముందు అది చూసి, తన సైజు తోటి కలవకపోతే తెరవకుండ ఆగిపోవాలె.

మూడు, తప్పు వెతికే పనిముట్టు తప్పు చేసిన ప్రోగ్రాం ఇంట్లనే పుట్టొద్దు. ఒక మిషిన్ల రాసింది ఇంకో తీరు మిషిన్ల చూడాలె. దాంతోటి ఒక తెలిసిన మాటను, మేమైతే ‘గోండి’ అనే మాటనే, మొదటి వరుసల పెట్టి, అది సక్కగ కనిపిస్తున్నదా అని కంటితోటి చూడాలె. శేషం సున్నా వచ్చినంత మాత్రాన నమ్మొద్దు.

నాలుగు, ఖాళీగ కనిపించేది ఏదీ తుడవొద్దు. ముందు దాని నకలు తీసి పక్కకు పెట్టాలె, తర్వాత పెద్దోళ్లను అడగాలె, అప్పుడు కూడ తుడవకపోతే ఇంకా మంచిది.

ఈ నాలుగోది కంప్యూటర్‌కు మాత్రమే సంబంధించింది కాదని మాకిప్పుడు అనిపిస్తున్నది. 1988 ల పేపర్లు చూసి లిపులు లెక్కపెట్టినప్పుడు మన జాగ ఖాళీగ కనిపించింది. మేం ఆ తాత మనవలమై ఉండి, మా చేతులతోటి అదే పని చేసినం. చూసే గిన్నె తప్పైతే నిండుగ ఉన్నది కూడ ఖాళీగనే కనిపిస్తది.

యాదికున్న 11 మాటలు, నోట్‌బుక్కుల 83 మాటలు కలిపి 94. వాటిని కింది వారం ఈ గ్రూప్‌ల పెడ్తం, గుంజాల లిపిల, తెలుగు అర్థం తోటి. మీ ఫోన్ల డబ్బాలు కనిపిస్తే ఫోన్ పేరు, కూర్పు నంబర్ రాయండి, ఏ ఫోన్ల ఏమైతున్నదో పట్టిక చేస్తం. పోయిన 26 మాటలల్ల ఎక్కువ వానల పేర్లే. మృగశిరల వచ్చే మొదటి జల్లుకు ఒక పేరు, మొక్క తల వంచే వానకు ఒక పేరు, రాత్రంత ఆగకుండ సన్నగ పడేదానికి ఒక పేరు తాత చెప్పిండు. అర్థాలు మాకు యాదికున్నయి, మాటలు లేవు. మీ ఇండ్లల్ల అవ్వలను, తాతలను అడగండి. ఎవరికి తెలిసినా కాయితం మీద రాసి ఫోటో పంపండి.

రాం రాం.